సాంబడి ఢీ

ఈ గుట్టల చుట్టుపక్కల నాకన్నా బాగా కథ చెప్పే గోరింక లేదు. వినడానికి వచ్చిన పిట్టలన్నీ సగంలోనే ఎగిరిపోతాయి కాబట్టి, ఇంతవరకు కాదన్నవాళ్ళూ లేరు. ఎగరలేరు కనుక మీకు చెబుతాను.

గుట్ట కింది కొట్టంలో సాంబడనే దున్నదూడ ఉంటాడు. ఒళ్ళు గబగబా పెరిగింది గాని, బుద్ధి తన తీరిక చూసుకుని పెరుగుతోంది. తోటి దూడలు ఒక పూటలో నేర్చుకున్న చెరువు దారి వాడికి తెలియడానికి రెండు వేసవులు పట్టింది. తల్లి లేదు. ముసలి ఎద్దు సోమన్న వాణ్ణి నీళ్ళకు తీసుకెళ్తాడు. ఏ ఆకు తినకూడదో మేక లచ్చి రోజూ చెబుతుంది, అదే మొదటిసారి అన్నట్టు. పడుకునే ముందు కొట్టంలో అందరూ వాడి నుదుటికి నుదురు తాకించాలి. దాన్ని వాడు ఢీ అంటాడు. ఒక్కరు తగ్గినా గుమ్మంలో నిలబడి అరుస్తాడు.

ఒక సాయంత్రం నక్క వచ్చింది.

"సోమన్న మామా, బాగా చిక్కిపోయావే."

"వయసు, నాయనా. నా దిగులల్లా వీడే. నేను పోయాక ఎవరు చూస్తారో."

"ఇలాంటివాళ్ళ కోసమే గుట్ట వెనక ఆశ్రమం పెట్టాను. మెత్తటి గడ్డి, వేళకు మేత."

లచ్చి నెమరు ఆపింది. "గడ్డి నువ్వే కోస్తావా బావా, ఆ గోళ్ళతో?"

"సేవ మరదలా, సేవ."

"చూడ్డానికి రావచ్చా?"

"రాకూడదు. మీరొస్తే వాడికి బెంగ పెరుగుతుంది. అదీ మా పద్ధతి."

సోమన్న తోకతో ఈగల్ని తోలుకున్నాడు. "అడగాల్సింది మమ్మల్ని కాదు. వెళ్ళేది వాడు కదా."

"వస్తావా సాంబా?" అని అడిగింది నక్క.

"వస్తా," అన్నాడు సాంబడు. "పడుకునేటప్పుడు ఢీ?"

ఢీ అంటే ఏమిటో నక్కకు తెలియదు. తెలియదంటే బేరం చెడుతుందని, "దానికేం భాగ్యం. నీకు అలవాటైనవి ఒక్కటీ తప్పనివ్వను, నా మీద ఒట్టు," అంది.

"విన్నావా మామా?" అంది లచ్చి. "బావ ఒట్టు వేశాడు. వాడి అలవాటంటే మనమే. పదండి అందరూ."

నక్క గుట్ట వెనక్కి దారి తీసింది. ఎద్దు, మేక, గొర్రెలు, కాపలా కుక్క దాని వెనకే నడిచారు.

ఆశ్రమమంటే ఒక గుహ. దాని ముందు సాంబడు ఒక్కొక్కరికీ నుదురు తాకించుకుంటూ వచ్చి, చివరికి నక్క ఎదుట ఆగాడు.

"నువ్వూ ఇంట్లోవాడివే కదా," అన్నాడు ప్రేమగా.

దున్నదూడ ప్రేమ ఎంత బరువుంటుందో నక్క ఎరగదు. నుదురు తగలగానే వెనక్కి దొర్లి గుహలో పడింది. లోపల ఎముకలు గలగలమన్నాయి. ఒకటి బయటికి దొర్లింది. లేగదూడ పుర్రె.

"ఇదెవరిది నాయనా?" అన్నాడు సోమన్న.

"పాతది," అంది నక్క లోపలినుంచి.

కుక్క గుహలోకి తల దూర్చింది. నక్క గుహ వెనకనున్న బొరియలోంచి పారిపోయి, మళ్ళీ ఈ వైపు రాలేదు.

తిరిగొస్తుంటే సోమన్న, "మరి నా తర్వాత..." అని మొదలుపెట్టాడు.

"నీ తర్వాతి సంగతి ఇప్పుడే నేర్పు," అంది లచ్చి. "రేపు వాణ్ణి నీళ్ళకు నేను తీసుకెళ్తా, ఎల్లుండి కుక్క. నువ్వు వెనక నడుస్తూ మాకు దిద్దుబాట్లు చెప్పు."

నీతి: చూడ్డానికి రావద్దనే ఇల్లు, ఎంత మెత్తటి గడ్డి పరిచినా, మనవాణ్ణి ఉంచే ఇల్లు కాదు.

ఇక దాచి లాభం లేదు. నా గూడూ ఆ కొట్టం చూరులోనే. ఎన్నిసార్లు చెప్పినా సాంబడు నన్ను కోడి అనే పిలుస్తాడు. ఈ మధ్య నేను పలుకుతున్నాను కూడా.