బాకాకు మీసాలు

వకుళమ్మగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. తెనాలిలో పాటల బృందాలకు లోగోలూ ఆల్బమ్ అట్టలూ గీసే ఆవిడ దగ్గర ఏడాదిగా నేర్చుకుంటున్న చంద్రికకు ఆ సంగతి తెలుసు. తెలిసీ అడిగింది, గతిలేక.

‘ఉరుము’ అనే అమ్మాయిల బ్యాండు ఆమెకు దొరికిన మొదటి సొంత పని. డ్రమ్ము చుట్టూ గాజులు గీసిస్తే తిప్పి పంపారు. గిటారుకు తీగల బదులు పొడుగాటి జడ గీసిస్తే అదీ తిప్పి పంపారు. ఈసారీ నచ్చకపోతే ఇంకొకరిని చూసుకుంటామని మర్యాదగానే చెప్పారు.

"అమ్మా, ఆడవాళ్ళ బ్యాండని చూడగానే తెలియాలంటే ఏం గీయాలి?"

"మస్తాన్ మాస్టారి పెళ్ళి బ్యాండుకి కొత్త లోగో కావాలిట. సాయంత్రం వస్తారు. మగవాళ్ళ బ్యాండని చూడగానే తెలిసేలా గీయి" అన్నారు వకుళమ్మగారు.

చంద్రికకు నవ్వొచ్చింది. అయినా పని పనే. బాకాకు మెలితిప్పిన మీసాలు పెట్టింది. డ్రమ్ముకు పంచె కట్టింది. చాలదేమోనని క్లారినెట్టుకు కాస్త గడ్డం కూడా తగిలించింది.

మస్తాన్ మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"ఇదేంది పాపా? మా బాకాకి మీసాలెందుకు?"

"మీరు మగవాళ్ళని తెలియడానికండీ."

"పెళ్ళోళ్ళు మమ్మల్ని పిలిచేది వాయించడానికమ్మా. మేం మగాళ్ళమైతే వాళ్ళకేంటి, కాకపోతే వాళ్ళకేంటి?" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అసలు మా వాయింపు ఒక్కసారన్నా విన్నావా నువ్వు?"

వినలేదు. ‘ఉరుము’ వాళ్ళు పంపిన పాటలు కూడా ఫోనులో అలాగే పడున్నాయి. అమ్మాయిలని తెలిశాక ఇక వినాల్సిన పని ఆమెకు కనబడలేదు మరి.

మర్నాడు ‘ఉరుము’ వాళ్ళ రిహార్సల్‌కి వెళ్ళి ఓ మూల కూచుంది. డ్రమ్ములు మొదలవగానే కిటికీ రెక్కలు దడదడలాడాయి. ఆ దడదడనే గీసింది: విసురుకి బార్లా తెరుచుకున్న కిటికీ, అంతే. డ్రమ్ములు వాయించే రోజ్‌లిన్ దాన్ని లాక్కుని చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే నువ్వు?" అని కావలించుకుంది.

చంద్రిక ఎగురుకుంటూ వచ్చి, కాసేపటికే ఫోను చేత్తో పట్టుకుని గురువుగారి ముందు నిలబడింది.

"అమ్మా, లోగో అచ్చేసే ప్రెస్సాయన ఫోన్ చేశాడు. ఇది ఆడవాళ్ళ బ్యాండని ఎలా తెలుస్తుంది, కింద ఓ పువ్వన్నా పెట్టనా అంటున్నాడు."

వకుళమ్మగారు కుంచె దించలేదు.

"తెలిశాక ఏం చేస్తాడట?"