గ్రహాల ఆట, అలిగిన అలుగు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు గట్టున ఒక బొరియ. ఆ బొరియలో అలివేలు అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసు కదర్రా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, ముందుకాళ్ళకి ఇంతింత పొడుగు గోళ్ళు. భయం వేస్తే బంతిలా ముడుచుకుపోతుంది. మిగతా అలుగులు పులిని చూసి ముడుచుకుంటాయి. మన అలివేలు మాత్రం ఒక మాట వింటే ముడుచుకునేది. ఆ మాట "కానీ".

"అలివేలూ, నీ బొరియ బాగుంది, కానీ..." అంటే చాలు. తల కడుపులోకి, తోక తల మీదికి. ఇక పిడుగు పడ్డా వినపడదు. "పేరులోనే అలక పెట్టుకుని పుట్టింది, పాపం" అని అడవిలో అందరూ అనుకునేవారు. నేనైతే పాపం అనను.

ఆ అడవిలో ఎలుగుబంటి పెద్దయ్యకి ఒక గుహ ఉంది. వానాకాలం నలభై రోజులూ అందులో చుక్క నీరు పడదు. చోటు మాత్రం తక్కువ. అందుకని ఏటా ఒక్క కొత్త కుటుంబాన్నే లోపలికి రానిచ్చేవాడు. ఎవరు మంచి ఆట తెస్తే వాళ్ళని. నలభై రోజులు పొద్దుపోవాలి కదా మరి!

కిందటేడు వాగు పొంగి అలివేలు బొరియలోకి నీళ్ళొచ్చాయి. ఎప్పుడూ ఆమె తోక మీద కూర్చుని తిరిగే కూతురు పొలుసి నెల రోజులు దగ్గింది. "ఈ ఏడు నా పిల్లని పొడి చోట పడుకోబెడతాను" అని అలివేలు పట్టుబట్టింది. వేసవంతా కూర్చుని ఒక ఆట చేసింది.

ఉన్నమాట చెప్పాలి, ఆట గొప్పదే. బంకమట్టి నేల చదును చేసి, మధ్యలో పసుప్పచ్చ రాయి పెట్టింది. అది సూర్యుడు. దాని చుట్టూ గోళ్ళతో గుండ్రంగా గాడులు తవ్వింది. ఒక్కో గాడిలో ఒక్కో గ్రహం. గురివింద గింజ కుజుడు. నీలం గులకరాయి భూమి. నల్లటి కుంకుడు గింజకి గడ్డిపోచ చుట్టి శని అంది. ఒక గ్రహాన్ని ఒక అడుగు తోస్తే, దాని పక్క గ్రహాన్ని రెండడుగులు తొయ్యాలి. గాడులు రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుతాయి. అక్కడ గ్రహాలు గుద్దుకోకుండా చూసుకోవాలి. అన్నీ సూర్యుణ్ణి చుట్టి, బయలుదేరిన చోటికి చేరితే గెలిచినట్టు.

ఇదంతా ఆడేవాళ్ళకి చెప్పాలా, వద్దా? అలివేలు చెప్పలేదు. "బుర్ర ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు చాలు" అంది. ఒక రాతిపలక తెచ్చి, గోటితో ఒక్క ఊపున ఇలా చెక్కింది:

"ప్రతి గ్రహానికీ ఒక కక్ష ఉంది. కక్ష పూర్తయ్యేదాకా వదలకండి."

చెక్కిన పలకని మళ్ళీ ఒకసారి చదువుకోవాలా, వద్దా? అదీ చెయ్యలేదు. అది తెలివితక్కువ వాళ్ళ పని అని ఆమె నమ్మకం.

వానలు రేపో మాపో అన్నట్టుండగా పెద్దయ్య ఆట చూడడానికి వచ్చాడు. ముగ్గురు ఆడి, తోచింది తోచినట్టు చెప్పాలి. తప్పుంటే పొద్దు వాలేలోగా దిద్దుకోవచ్చు. అయితే చేసినవాళ్ళే దిద్దుకోవాలి, ఇంకొకరు గోరు కూడా పెట్టకూడదు. అదీ అక్కడి ఆచారం.

మొదట అడవిపంది కోరయ్య వచ్చాడు. పలక చూసి పెద్దగా చదివాడు. "ప్రతి గ్రహానికీ ఒక కక్ష ఉంది. ఓహో!"

'కక్ష అట, కక్ష! నోరు తిరగని మొద్దు' అనుకుంది అలివేలు.

కోరయ్య మూతితో కుజుణ్ణి ఎత్తి శని మీద వేశాడు. శనిని తీసి భూమి మీద వేశాడు. భూమి రెండు ముక్కలైంది. ఆ ముక్కల్ని సూర్యుడికేసి కొట్టాడు. చివరికి రొప్పుతూ కూలబడ్డాడు.

"ఆట బాగుందమ్మా. కానీ పగ తీరాలంటే ఈ గింజలేం సరిపోతాయి? బండరాళ్ళు పెట్టు."

"కానీ" వినగానే అలివేలు వెన్ను వంగింది. పొడి చోటు గుర్తొచ్చి, పళ్ళు లేని నోరు బిగించుకుని ఎలాగో నిలబడింది. గాడులన్నీ సర్ది, భూమికి ఇంకో గులకరాయి తెచ్చింది.

రెండోది బల్లి, పేరు శకునమ్మ. శకునాలు చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందని సామెత ఉంది కదా, ఈవిడా ఆ వంశమే. పలక చదివింది, అక్కడే నిలబడి దణ్ణం పెట్టింది. ఒక్క గింజనీ ముట్టుకోలేదు. ఆడకపోయినా అభిప్రాయానికి మాత్రం లోటు లేదు.

"ఆట బాగుంది తల్లీ. కానీ శనికి కక్ష ఉందని నువ్వే రాస్తివి. తెలిసి తెలిసి ఎవరైనా శనితో పెట్టుకుంటారా? ఆయన్ని తీసేసి, ఆ చోట ఇంకో బృహస్పతిని పెట్టు. చూసేవాళ్ళకి శుభం."

"ఇద్దరు బృహస్పతులా!" అంది అలివేలు. ఆమె తల సగం కడుపులోకి పోయింది. 'ఒకడు మొద్దు, ఒకతె పిరికిది. ఇద్దరికీ ఒక మాట సరిగ్గా పలకడం రాదు. వీళ్ళకా నేను ఆట చేసింది?' అనుకుంది. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. ఆ గింజ ఎక్కడో లేదు, ఆమె ముందు గాడిలోనే ఉంది.

మూడోది నత్త మెల్లమ్మ. ఆమె పొద్దున్నే వచ్చి పలక ఎక్కింది. ఒక్కో అక్షరం గాడిలోంచి పాకుతూ చదివింది. దిగి, గాడుల్లో అలివేలు ఆడి చూసుకున్నప్పటి జాడలు చూసి ఆట పోల్చుకుంది. తరవాత కుజుణ్ణి ఒక అడుగు తోసింది, భూమిని రెండడుగులు తోసింది. గాడులు దాటుకునే చోట ఆగింది. శని పోయేదాకా ఉండి, అప్పుడు భూమిని పోనిచ్చింది. ఒక్క గ్రహమూ ఇంకోదాన్ని తాకలేదు. అన్నీ సూర్యుణ్ణి చుట్టి ఇల్లు చేరాయి. అలివేలు కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంత మంచి ఆట నేను ఎప్పుడూ ఆడలేదు, అలివేలూ" అంది మెల్లమ్మ. "చాలా బాగుంది."

అలివేలు పొలుసులన్నీ విప్పారాయి. మెల్లమ్మ ఊపిరి తీసుకుంది.

"కానీ..."

అంతే. తల కడుపులోకి, తోక తల మీదికి, తోక మీదున్న పొలుసి మధ్యలోకి. నేల మీద ఒక బంతి.

మెల్లమ్మ తను అనుకున్నది చెప్పింది. "పలక మీద 'కక్ష్య' అని ఉండాలి. గ్రహం తిరిగే దారి కక్ష్య. ఇక్కడ యవత్తు లేదు. వత్తు పోతే కక్ష, అంటే పగ. కోరయ్య కొట్టుకుంది, శకునమ్మ భయపడింది అందుకే. వాళ్ళు ఉన్నదున్నట్టే చదివారు."

పెద్దయ్య పడీపడీ నవ్వాడు. "ఇంతేనా! అలివేలూ, గోటితో ఒక్క గీత గియ్యి. ఈ ఏడు చోటు నీదే!"

బంతి పలకలేదు.

మెల్లమ్మ ఇంకోసారి చెప్పింది. బంతి కదలలేదు. శకునమ్మ బంతి మీదికెక్కి కిచకిచలాడింది. కోరయ్య మూతితో మెల్లగా దొర్లించాడు. 'చూశావా, కొట్టడానికి కూడా వచ్చారు!' అనుకుని లోపల అలివేలు ఇంకా గట్టిగా బిగుసుకుంది. మెల్లమ్మ మూడోసారి కూడా చెప్పింది. నలుగురూ ఒక బంతి చుట్టూ నిలబడి అరుస్తుంటే ఎంత అందంగా ఉందో మీరే ఊహించుకోండి. పొద్దు వాలింది. ఆచారం ఆచారమే. పెద్దయ్య తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

అలివేలు విప్పుకుని చూసేసరికి ఎవరూ లేరు. గుహలో చోటు ఉడుతకి ఇచ్చారని తెలిసింది. ఉడుత ఆట ఏమిటంటే, గుప్పిట మూసి "గింజ ఉందా, లేదా?" అని అడగడం. అంతే! నలభై రోజులు దాన్ని భరించబోయే గుహవాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

"బుద్ధిలేని అడవి" అంది అలివేలు. "నా ఆట అర్థం చేసుకునే తల ఒక్కటీ లేదు."

మర్నాడే వాన పట్టుకుంది. వాగు పొంగింది. బొరియలోకి నీళ్ళు రాకుండా అలివేలు ఆ రాతిపలకనే తెచ్చి ద్వారానికి అడ్డంగా నిలబెట్టింది. సందుల్లోంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. తోక మీద పొలుసి దగ్గుతోంది. ఏమీ తోచక పలక మీది అక్షరాలు కూడబలుక్కుంటోంది.

"క... క్ష. కక్ష. అమ్మా, గ్రహాలకి ఎవరి మీదే కక్ష?"

"కక్ష కాదే, కక్ష్య. నువ్వు కూడా ఆ కోరయ్యలాగే..." అంటూ అలివేలు పలక వైపు తిరిగింది.

చదివింది. ఇంకోసారి చదివింది. గోరు పెట్టి, "క్ష" కింద యవత్తు ఉండాల్సిన చోట తడిమింది. రాయి నున్నగా ఉంది.

సిగ్గుతో ఆమె ఒళ్ళంతా ముడుచుకోబోయింది. కానీ కింద నీళ్ళు! బంతిలా చుట్టుకుంటే తల్లీపిల్లా ఇద్దరూ మునుగుతారు. వేసవంతా పడ్డ కష్టం, పిల్లకి పొడి చోటు, అన్నీ ఒక్క గీత దగ్గర పోయాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. అడవిలో అందరికంటే పొడుగు గోళ్ళు ఆమెవే, అది ఇంకా సిగ్గుచేటు.

పొలుసిని వీపు మీదికి ఎక్కించుకుని, వానలో తడుస్తూ మెల్లమ్మ ఉండే రాతిసందు దగ్గరికి వెళ్ళింది.

"మెల్లమ్మా, ఆ రోజు నువ్వు చెప్పబోయింది యవత్తు గురించేనా?"

"చెప్పబోవడమేంటి? మూడుసార్లు చెప్పాను" అంది మెల్లమ్మ, గుల్లలోంచి తల బయటపెట్టి. "నువ్వు వినలేదు గానీ, నీ పొలుసులు శుభ్రంగా విన్నాయి."

అలివేలు తల దించుకుంది. మెల్లమ్మ ఆమెని, దగ్గుతున్న పిల్లని చూసింది.

"సరే, ఈ సందులో పైమెట్టు పొడిగా ఉంది. పిల్లని అక్కడ పడుకోబెట్టు. నీకైతే చోటు చాలదు, తడవాల్సిందే. వచ్చే ఏటికి పలక దిద్దుకో. నీ ఆట నిజంగా బాగుంది, అలివేలూ. కానీ..."

అలివేలు వెన్ను దానంతటదే వంగింది. తోక పైకి లేచింది. ఆ తోకని రెండు చేతులతో పట్టుకుని, బలవంతాన నేలకి ఆనించి, దాని మీద కూర్చుంది.

"చెప్పు మెల్లమ్మా" అంది. "కానీ?"

నీతి: "బాగుంది" దాకా విని "కానీ" దగ్గర చెవులు మూసుకునేవారికి, బాగుపడే మాట ఎప్పుడూ బయటే ఉండిపోతుంది.