గరిటె చేతులు మారిన పూట

ఎస్తేరు మామ్మను ఎవరైనా ఏదైనా అడిగితే, ఆవిడ తిన్నగా జవాబు చెప్పినట్టు మిషను వీధిలో ఎవరికీ గుర్తు లేదు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి బైబిలు చెప్పిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక ఇంటిపట్టునే ఉంటోంది. ఇప్పుడు ఆడవాళ్ళే ఆవిడ దగ్గరికి వస్తారు. వచ్చి, లోపల దాచుకున్నది ఏదో ఒకటి అడుగుతారు. అడిగినవాళ్ళ చేతికి మామ్మ ఒక పని ఇస్తుంది. నా మొర దేవుడు వింటున్నాడా లేదా అని ఏడ్చినావిడకి చేట ఇచ్చి బియ్యం చెరగమంది. పని అయ్యేలోగా అడిగినవాళ్ళకి ఏదో తట్టేది. తట్టకపోతే కనీసం బియ్యమైనా బాగుపడేవి.

ఆ శనివారం మధ్యాహ్నం సలోమి వచ్చింది. వచ్చి చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. పమిట కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. చివరికి అడిగింది.

"మామ్మగారండీ, ఇద్దరి మధ్య మాటలు పోయాక ముందుగా ఎవరు పలకరించాలండీ? నోరు జారినవాళ్ళా, అలిగి తలుపేసుకున్నవాళ్ళా?"

"నీకు గంబో కలపడం వచ్చా?" అంది మామ్మ.

"అడిగిందేంటి, మీరు చెప్పేదేంటండీ?"

"రాదన్నమాట. కాళ్ళు కడుక్కుని రా."

సలోమి ఎవరి గురించి అడిగిందో వీధిలో అందరికీ తెలుసు. ఆమెకీ ఆమె తోడికోడలు కరుణమ్మకీ ఒకటే పెరడు, ఒకటే కుళాయి. సలోమి కూతురు లిడియ పుట్టినప్పటినుంచీ, పిల్లలు లేని కరుణమ్మ ఒళ్ళోనే ఎక్కువ పెరిగింది. వానలు మొదలైన రోజుల్లో, సలోమి సంతకి వెళుతూ పిల్లని కరుణమ్మకి అప్పజెప్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి లిడియ జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పుడు పదిమందిలో సలోమి నోటినుంచి ఒక మాట వచ్చింది: "నీ కడుపున పుట్టినదైతే ఇలాగే వదిలేసేదానివా?" కరుణమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. పిల్ల చేతికి కట్టు కట్టినప్పుడు చూడ్డానికి రాలేదు, కట్టు విప్పినప్పుడూ రాలేదు. ఆ రాకపోవడం సలోమికి తగిలింది. అన్న మాట కరుణమ్మకి తగిలింది. వానాకాలం అలాగే గడిచిపోయింది.

ఇప్పుడు కరుణమ్మ భర్తకి విశాఖపట్నంలో పని కుదిరింది. సామాను తీసుకెళ్ళడానికి లారీ కూడా మాట్లాడేశారు. వచ్చే గురువారం వాళ్ళు వెళ్ళిపోతే, ఆ మాట అలాగే మూటలో చుట్టుకుని వెళ్ళిపోతారు. సలోమికి నిద్ర పట్టనిది అందుకే.

గంబో సంగతి కూడా కాస్త చెప్పాలి. మామ్మ చిన్నప్పుడు మిషను ఆసుపత్రిలో ఒక డాక్టరు దొరసాని ఉండేది. ఆవిడది అమెరికాలో లూసియానా. అక్కడా మన గోదారి లంకల్లాగే నీళ్ళూ, బురదా, వరీ, రొయ్యలూ అట. గంబో వాళ్ళ ఇంటింటి కూర. కోడిమాంసం, బెండకాయలు వేసి పులుసులా చేసి అన్నంలో పోసుకు తింటారు. దొరసాని తల్లి పట్నంలో ఉండే క్రియోలు అనే జనంలో మనిషి, తండ్రి చిత్తడి పల్లెల్లో ఉండే కేజను అనే జనంలో మనిషి. గంబోలో తల్లివైపు వాళ్ళు టమాటా వేస్తారు, తండ్రివైపు వాళ్ళు టమాటా పేరెత్తితే కోప్పడతారు. అందుకని దొరసాని ఒకే ఒక్క టమాటా వేసి, రెండువైపులా తిట్లు తినేదట. ఆవిడ వంటింట్లో పనికి చేరిన ఎస్తేరు ఆ కూర నేర్చుకుంది. దొరసాని వెళ్ళిపోయింది, కూర వీధిలో ఉండిపోయింది.

ఆ కూరకి ప్రాణం వేపుడుముద్ద. నూనెలో దానికి సమానంగా మైదాపిండి వేసి సన్నసెగ మీద వేపాలి. తెల్లగా ఉన్నది మెల్లగా వేరుశనగ పొట్టు రంగుకి వస్తుంది, తరవాత పాతబెల్లం రంగు. ఆ రంగు వచ్చేదాకా గరిటె ఆగకూడదు. తలుపు కొట్టినా, పిల్ల ఏడ్చినా, పాలు పొంగినా ఆగకూడదు.

మామ్మ కళాయి పెట్టి, చెక్కగరిటె సలోమి చేతికిచ్చింది. తను పెరటి గుమ్మంలో చేటెడు ఎండురొయ్యలు ముందేసుకుని తలలు గిల్లుతూ కూర్చుంది. పక్క పొయ్యి మీద కోడి ఉడుకుతోంది. సలోమి కలుపుతోంది. వంట ఆమెకి కొత్త కాదు. పెళ్ళిళ్ళకి గుండిగలు దింపిన చెయ్యి. ఈపాటి పిండి వేపడం ఒక పనా అనుకుంది.

రంగు వేరుశనగ పొట్టు దాటుతుండగా వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"మామ్మగారండీ, బెండకాయలు తెమ్మని కబురెట్టారంట. ఇవిగో, లేతవే కోశాను."

కరుణమ్మ గొంతు. ఒడినిండా బెండకాయలతో వంటింటి గుమ్మం దాకా వచ్చి, పొయ్యి దగ్గరున్న మనిషిని చూసి ఆగిపోయింది. సలోమి చటుక్కున కిటికీవైపు మొహం తిప్పుకుంది. అంతే. చేసిందల్లా అదొక్కటే. కానీ మొహంతోపాటు భుజం తిరిగింది, భుజంతోపాటు చెయ్యి ఆగింది. ముక్కుకి వాసన తగిలి కళాయిలోకి చూసేసరికి ముద్దలో నల్లటి నలుసులు తేలుతున్నాయి.

మామ్మ గోడ పట్టుకుని లేచి వచ్చి చూసింది. "మాడింది."

"కొంచెమేనండి. నలుసులు ఏరేసి ఉల్లిపాయలు వేసేద్దాం. అంత పులుసులో ఎవరికి తెలుస్తుందండీ?"

మామ్మ గరిటె అంచున అంటినది ఊది, సలోమి వేలికి రాసింది. సలోమి నాలిక మీద పెట్టుకుంది. ఆ చేదుకి మొహం ముడుచుకుపోయింది.

"కోడిని వేసినా ఇదే ముందు పలుకుతుంది. కుండెడు నీళ్ళు పోసినా ఇదే పలుకుతుంది," అని, మామ్మ కళాయి పట్టుకెళ్ళి బూడిదగుంటలో బోర్లించి వచ్చింది.

కరుణమ్మ బెండకాయలు గట్టు మీద పోసి కొంగు దులుపుకుంది. "నేను రాబట్టే మాడిందంటారు. వెళ్ళొస్తానండి."

"నిన్నెవరన్నారే? మాడింది పిండి. కోడి అక్కడే ఉంది, నీ బెండకాయలు ఇక్కడే ఉన్నాయి. ఆ మైదా డబ్బా దించు, నాకు అందదు."

కరుణమ్మ పొడుగు మనిషి. వీధిలో ఎవరింట్లో అటకమీది వస్తువు కావాలన్నా ఆమెనే పిలుస్తారు. కాదనలేక డబ్బా దించింది. దించిన చేతికి మామ్మ కత్తిపీట చూపించింది. ఆమె మూలకి కూర్చుని బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. సలోమి కళాయి తోమి, మళ్ళీ నూనె పోసి, మళ్ళీ మైదా వేసింది. మామ్మ తన రొయ్యల దగ్గరికి పోతూ గుమ్మంలో ఒక్క మాట అంది.

"దొరసాని చెప్పేది, గరిటె చేతులు మారొచ్చంట. ఆగకూడదంతే."

వంటింట్లో ఇద్దరూ, మామ్మ పెంచుకునే పిల్లీ మిగిలారు. సలోమి ఈసారి కళాయిలోంచి చూపు తియ్యలేదు. పిండి తెల్లగానే ఉంది. ఎంతసేపు తిప్పినా తెల్లగానే ఉంది. మోచేతి దగ్గర సన్నగా మొదలైన నొప్పి భుజానికి ఎక్కింది. చెమట కంట్లోకి కారింది, తుడుచుకోవడానికి లేదు. ఇక లాభం లేక గరిటె ఎడంచేతికి మార్చుకుంది.

మూలనుంచి కరుణమ్మ పిల్లితో అంది, "ఏమే పిల్లీ, ఎడంచేత్తో తిప్పితే అడుగంటుతుందని చెప్పేవాళ్ళు లేరటే?"

సలోమి కూడా పిల్లితోనే అంది, "కూర్చుని బెండకాయలు తరిగేవాళ్ళకి ఏం తెలుస్తుందే పిల్లీ, ఈ తిప్పుడు?"

"ఆ కాయలు కోసుకొచ్చింది ఎవరో అడగవే."

"కబురందగానే కోసుకొచ్చి, మొహం చూడగానే పోతానన్నది ఎవరో కూడా అడుగు."

పిల్లికి విసుగొచ్చినట్టుంది. లేచి, ఒళ్ళు విరుచుకుని, ఎండురొయ్యల వాసన పట్టుకుని మామ్మ దగ్గరికి పోయింది. అది పోయాక మాట్లాడ్డానికి ఎవరూ లేకుండా పోయారు.

పిండి వేరుశనగ పొట్టు రంగుకి తిరిగింది. ఇందాక మాడిన చోటు ఇదే. సలోమి వేళ్ళు తిమ్మిరెక్కి గరిటె పట్టు జారుతోంది. ఆపితే మళ్ళీ బూడిదగుంట. ఎలా అడగాలి, ఏమని పిలవాలి, పిలిస్తే తను తగ్గినట్టా అని ఆలోచించుకునే వ్యవధి లేదు. గరిటె సగం తిరుగుడులో ఉండగా నోటినుంచి దానంతటదే వచ్చేసింది.

"అక్కా, అందుకో!"

కరుణమ్మ కత్తిపీట మీంచి లేచిందో దూకిందో తెలీదు. గరిటె కాడ మీద ఒక్క తిరుగుడుసేపు ఇద్దరి చేతులూ ఉన్నాయి. తరవాత ఒక చెయ్యి తప్పుకుంది. ముద్ద తిరుగుతూనే ఉంది.

సలోమి చేతులు కొంగుకి తుడుచుకుని పక్కనే నిలబడింది. ఏం చెయ్యాలో తోచక తడిగుడ్డతో పొయ్యిగట్టు తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. కరుణమ్మ వీపు ఇటే ఉంది, మొహం కనబడదు. ఆ మొహం కనబడకపోవడమే ఇద్దరికీ సాయమైందేమో.

"లిడియ చెయ్యి చక్కగా వంగుతోందా?" అంది కరుణమ్మ కళాయిలోకి చూస్తూ.

"వంగుతోందక్కా. జడ తనే వేసుకుంటానని పేచీ."

"కట్టు కట్టిన రోజు వచ్చాను. మీ గుమ్మం దాకా వచ్చాను. అది లోపల ఏడుస్తోంది. లోపలికి రావడానికి నాకు మొహం చెల్లలేదు. చెట్టెక్కింది నేను చూస్తుండగా కాదు, కానీ నేను చూసుకోవలసినప్పుడే కదా."

ఇన్నాళ్ళూ సలోమి, ఆమె రాలేదనే లెక్క పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయిందన్నది తన ఊహలో లేదు.

"ఆ మాట నేను భయంలో అనేశానక్కా."

"భయంలో అన్నావని ఆ పూటే తెలుసు. తెలిసినా తగిలింది."

సలోమి దానికి సర్దిచెప్పబోయింది. నోరు తెరిచి, ఎందుకో వేలికి అంటిన చేదు గుర్తొచ్చి ఆగింది. పైన ఎన్ని మాటలు పోసినా ఉపయోగం లేదనిపించింది.

"తప్పే అక్కా. అనకూడని మాట," అంది.

కరుణమ్మ చేతిలో గరిటె అదే వేగంతో తిరిగింది.

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు నన్ను?" అంది సలోమి.

"ఏం చేస్తావు, ఉల్లిపాయలు వెయ్యి. రంగొచ్చింది, మళ్ళీ మాడ్చేస్తావా ఏం?"

సలోమి గాభరాగా ఉల్లిపాయలూ, కాప్సికం ముక్కలూ ఒక్కసారే కుమ్మరించింది. కళాయి సుర్రుమని అరిచి, ఇల్లంతా కమ్మటి వాసన లేచింది. ఆవిరికో మరి దేనికో ఇద్దరి కళ్ళవెంటా నీళ్ళు కారాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఉల్లిపాయ ఘాటు అనుకున్నారు.

ఆ తరవాత పని తొందరగానే నడిచింది. వెల్లుల్లి, ఎండురొయ్యలు, కోడి ఉడికిన నీళ్ళు, కోడిముక్కలు. బెండకాయల్ని జిగురు పోయేదాకా విడిగా వేపి కరుణమ్మ కలిపింది. టమాటా దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది.

"ఒకటి చాలదక్కా, రెండెయ్యి."

"నీ మొహం. పులుసు చేస్తున్నావా, పచ్చడా?"

గుమ్మంలోంచి మామ్మ నవ్వు వినబడింది. ఈ పేచీ పెరిగితే బాగుండునని సలోమికి అనిపించింది. ఇన్నాళ్ళ తరవాత తనని మొహం మీద తిట్టిన మనిషి దొరికింది.

పొద్దు వాలేసరికి వీధిలో పిల్లలు వాసన పట్టి వచ్చేశారు. మామ్మ అందరికీ అన్నం పెట్టి మీద గంబో పోసింది. లిడియ తన కంచం పట్టుకుని అటూ ఇటూ చూసి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి కరుణమ్మ పక్కన ఒరుసుకుని కూర్చుంది. కరుణమ్మ ఎముక తీసి ముక్క నోట్లో పెట్టింది. పెడుతూ ఆ చిన్న మణికట్టుని ఒకసారి నెమ్మదిగా నిమిరింది. సలోమి అది చూసి, చూడనట్టు తల వంచుకుని తింది.

గురువారం లారీ వస్తుంది. అందులో మార్పు లేదు. అయితే సామాను సర్దడానికి సలోమి వస్తానంది, పింగాణీవి నువ్వు ముట్టుకోకు, పగలగొడతావు అని కరుణమ్మ అంది. సెలవులకి లిడియని విశాఖపట్నం పంపడం కూడా అప్పుడే ఖాయమైపోయింది.

గిన్నెలు కడిగాక, కరుణమ్మ వీధి పిల్లల్ని తోలుకుని ముందు నడిచింది. సలోమి గుమ్మంలో ఆగింది.

"మామ్మగారండీ, నేను అడిగిందానికి మీరు జవాబు చెప్పనే లేదు."

మామ్మ మిగిలిన గంబో మీద మూత సర్దుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఇది వండిన పూట కంటే మర్నాడు రుచమ్మా. ఇద్దరూ చెరో గిన్నె పట్టుకుని పొద్దున్నే రండి."