గంట ఆగిన కొట్టం

గుట్ట కింద ముళ్ళకంప దడి కట్టిన పెద్ద దొడ్డి ఒకటి ఉండేది. లోపల మేకలు, గొర్రెలు, గేదెలు, ఒక ముసలి ఎద్దు, ఎప్పుడూ గోలచేసే కోళ్ళు. దడి బయట ఒక మట్టిదిబ్బ. రోజూ పొద్దున్నే జిత్తయ్య అనే నక్క ఆ దిబ్బ ఎక్కి, లోపల ఎవరు ఎవరితో దెబ్బలాడారో, ఎవరి గుడ్డు ఎవరు తొక్కారో గొంతెత్తి చెప్పేవాడు. వినడానికి వచ్చినవాళ్ళు దడి సందులోంచి ఎండు రొట్టె ముక్కో, పగిలిన గుడ్డో బయటికి తోసేవాళ్ళు. వార్త లేని రోజు జిత్తయ్యకు ఉపవాసమే.

దొడ్డికి కాపలా వీరన్న అనే కుక్క. ఎవరైనా తప్పు చేస్తే విచారించేదీ ఆయనే. నిజాయితీపరుడు, ఇంకొకరి కూడు ముట్టడు. కానీ ఒక బలహీనత ఉంది. తప్పిపోయిన దూడను ఒకసారి వెతికి తెచ్చినప్పుడు జిత్తయ్య దిబ్బమీంచి మూడు రోజులు పొగిడాడు. అప్పట్నుంచీ పొద్దున లేవగానే వీరన్న చెవి దిబ్బవైపే ఉండేది.

ఒక మధ్యాహ్నం మందంతా నెమరేస్తూ కునుకు తీస్తుంటే, చంద్రి అనే మేక ఆయన దగ్గరికి వచ్చింది. నుదుట తెల్లమచ్చ, నెమ్మదైన మనిషి... మనిషని నోరు జారాను గానీ, మేకే. వచ్చి చాలాసేపు నేల చూస్తూ నిలబడింది.

"ఏం చంద్రమ్మా, ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఇప్పుడు కాదన్నా. ఆరు వానాకాలాల కిందట."

వానలు మొదలైతే దొడ్డి బురదవుతుంది. అందుకని ఏటా చిన్నవాళ్ళందరినీ గుట్టమీది కొట్టానికి పంపేవాళ్ళు. వాళ్ళను తీసుకెళ్ళి, వానాకాలమంతా చూసుకునేది గంట మేకపోతు భూపతి. మెడలో గంట, పెద్ద గడ్డం, నిండైన నడక. ఎంత గాలివానలోనైనా ఆయన గంట చప్పుడు వెంట నడిస్తే ఇల్లు చేరతామని అందరికీ నమ్మకం.

"వాన పడే మధ్యాహ్నాలు తలుపు వేసేసేవాళ్ళు," అంది చంద్రి. "లోపల చీకటి. ఆయన గంట మోగుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది, అటెక్కడో ఉన్నాడులే అని. అది ఆగిందంటే నా దగ్గరికి వస్తున్నాడని. చప్పుడు రాకుండా గంటలో గడ్డి కుక్కుకునేవాడన్నా. ఆ తర్వాత సంగతి నోటితో చెప్పలేను. ఇప్పటికీ ఏ గంట ఆగినా నా కాళ్ళు కదలవు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరికి చెప్పను? అందరూ ఆయన గంట వెనకే నడుస్తుంటే."

"మరి ఇప్పుడు?"

"తొలకరి పడగానే నా కూతురు బుజ్జిని కొట్టానికి పంపుతారు." చంద్రి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఒక్కటే అడుగుతున్నా. నా పేరు బయటికి రానివ్వకు. ఆయన పేరు కూడా, నువ్వు అడగాల్సినవాళ్ళను అడిగేదాకా ఎక్కడా పలక్కు. ముందే గోల లేస్తే ఆయన సర్దుకుంటాడు, నేను అబద్ధాలకోరునవుతాను."

"నా మీద వదిలెయ్," అన్నాడు వీరన్న. మాట ఇచ్చినప్పుడు మనసులో ఉన్నది నిజమే. దాన్ని గంటసేపు కూడా నిలుపుకోలేకపోయాడు, అదీ మన బాధ.

దడి పక్కన జిత్తయ్య తగులుకున్నాడు. "ఏం బావా, మొహం చూస్తే పెద్ద కేసే పట్టినట్టున్నావు!"

"నీకు చెప్పేది కాదు."

"చెప్పొద్దులే. కానీ ఆలోచించు. తప్పుడు పని చేసినవాడు ఒక్కరితో ఆగుతాడా? నలుగురికీ తెలిస్తేనే మిగతావాళ్ళు ధైర్యం చేసి ముందుకొస్తారు. గుట్టుగా ఉంచితే వాణ్ణి నువ్వే కాపాడినట్టు."

ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే అది వీరన్న బుర్రకెక్కింది. దానికి తోడు దిబ్బమీద తన పేరు మళ్ళీ మోగుతుందన్న ఆశ కూడా తోక ఊపింది.

"గుట్టమీది కొట్టంలో జరిగిన పాత అఘాయిత్యం. ఇవాళే విచారణ మొదలుపెడుతున్నా," అన్నాడు.

"ఎవరి దగ్గర?"

"దడి వెంబడే నడువు, నేను ఎక్కడ ఆగుతానో నీకే కనబడుతుంది."

వీరన్న ఆగింది కాటమయ్య పాక ముందు. కాటమయ్య ముసలి ఎద్దు. ఆ రోజుల్లో కొట్టానికి మేత బండి లాగి, అక్కడే గడపలో పడుకునేవాడు. ఏమైనా చూశాడేమో అడగాలని వీరన్న ఉద్దేశం. తోక జాడించి వెనక్కి చూసేసరికి సగం దొడ్డి నిలబడి ఉంది.

"కాటమయ్య మావా, ఆరేళ్ళ కిందట కొట్టం దగ్గర..."

మాట పూర్తి కాలేదు. దిబ్బమీంచి కేక లేచింది. "దొరికాడహో! కొట్టంలో చిన్నవాళ్ళను పాడుచేసినవాడు దొరికాడు! మన కాటమయ్యే! వీరన్న బావ పట్టేశాడు!"

"కాదు, ఆయన్ను ఊరికే అడగడానికి వచ్చాను!" అని వీరన్న మొరిగాడు. ఎవరు వింటారు? కేక అప్పటికే దొడ్డి నాలుగు మూలలా తిరిగి వచ్చేసింది.

మర్నాటి నుంచి కాటమయ్య వీపుమీద ఎక్కి ఆడుకునే కోడిపిల్లల్ని తల్లులు ఈడ్చుకుపోయారు. పక్కపాక దున్నపోతు తన మేత గాడి దగ్గర మొహం అటు తిప్పుకున్నాడు. దూడలు వస్తే ముసలాయన గరుకు నాలుకతో నాకేవాడు, ఇప్పుడు ఒక్క దూడా రాలేదు. ముందు వేసిన గడ్డి వేసినట్టే ఉండిపోయింది. తన మీద పడ్డ నింద ఏమిటో పూర్తిగా ఆయనకు ఎవరూ చెప్పను కూడా లేదు.

అటు వీరన్న దగ్గరికి జనం బారులు కట్టారు. "కాటమయ్యే, నన్నూ అలాగే చేశాడు" అన్నవాళ్ళు పదకొండుమంది. అందులో ఒక పొట్టికోడి గుడ్డులోంచి బయటపడిందే పోయినేడు. అందరికంటే ముందు వచ్చి ముసలాయన్ను తిట్టింది ఎవరనుకున్నారు? భూపతి! "ఛీ, మన మధ్యే ఉన్నాడు చూడండి! ఈ ఏడు పిల్లల్ని నేను ఇంకా జాగ్రత్తగా చూసుకుంటాను," అని గంట ఊపుతూ చెప్పాడు.

చంద్రి వీరన్న ఎదుటికొచ్చి నిలబడింది. ఈసారి నేల చూడలేదు. "నేను చెప్పిన పేరేంటి, మోగిన పేరేంటి? ఇప్పుడు అసలు పేరు చెబితే మాట మారుస్తున్నానంటారు. ఆ ముసలాయన ఉసురు నాకు తగులుతుంది. వారం తిరిగితే వానలు. నా బుజ్జి సంగతేం కాను?"

వీరన్న తలవంచుకుని దొడ్డికి పెద్దయిన గేదె గౌరమ్మ దగ్గరికి పోయి చంద్రి పేరు ఎత్తకుండా జరిగిందంతా చెప్పాడు. ఆమె నెమరు ఆపి వింది.

"నువ్వు వెతకడానికి పోయావా, ఊరేగడానికి పోయావా?"

"తప్పయిపోయింది పెద్దమ్మా. కానీ నలుగురికీ తెలిస్తేనే మిగతావాళ్ళు..."

"పిలవడం తప్పని ఎవరన్నారురా? చోటు చెప్పి పిలువు. పేరు వాళ్ళ నోటినుంచి రానీ. నువ్వు పేరు అందిస్తే వాళ్ళు ఆ పేరే నీకు తిరిగి ఇస్తారు."

వీరన్న ముందు కాటమయ్య పాకకు పోయాడు, ఒక్కడే. "మావా, నీకు నా మొహం చూపించడానికే సిగ్గుగా ఉంది," అని, ఆయన మీద పడ్డ నింద ఏమిటో పూర్తిగా చెప్పాడు.

ముసలి ఎద్దు గడ్డిమీంచి తల ఎత్తాడు. "నేను చెయ్యలేదురా. ఎవరికో ఆ కష్టం వచ్చిన మాట మాత్రం నిజమే కదా? నా గొడవలో ఆ బిడ్డ మాట మరిచిపోకండి."

ఆ మాటకు వీరన్న కళ్ళు చెమర్చాయి. అప్పుడు అడిగాడు, మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న. ఆ రోజుల్లో గడపలో ఉండి నువ్వేం చూశావు, ఏం విన్నావు?

"చూసింది లేదు. వానపడే మధ్యాహ్నాల్లో భూపతి గంట వినబడేది కాదు. పడుకున్నాడేమో అనుకునేవాణ్ణి. తర్వాత బయటికొచ్చి తల విదిలిస్తే గంటలోంచి గడ్డి ఉండ రాలేది. అదేంటని అప్పుడే అడగాల్సిందిరా."

మర్నాడు వీరన్న అందరికీ వినబడేలా చెప్పాడు. "గుట్టమీది కొట్టంలో ఏ ఏడైనా, ఎవరివల్లయినా బాధపడ్డవాళ్ళు ఒక్కొక్కరే గౌరమ్మ పాకకు రండి. మీ పేరు గడప దాటదు. నేను ఎవరి పేరూ చెప్పను, ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను."

"ఏంటి బావా ఆ ప్రశ్న?" అన్నాడు జిత్తయ్య దడి అవతలనుంచి.

"లోపలికొచ్చినవాళ్ళకే."

మొదట ఉరికింది పొట్టికోడే.

"వాడు వస్తున్నాడని లోపల ఉన్నవాళ్ళకు ఎలా తెలిసేది?" అని అడిగాడు వీరన్న.

కోడి కళ్ళు తిప్పింది. "ఎలా అంటే... గంట! ఎద్దుకు మెడలో గంటుంది కదా. గణగణ మోగుతూ వచ్చేవాడు."

"సరే, పోయిరా."

"దాని నోరు మూయించవేంరా?" అంది గౌరమ్మ. "తిన్నగా దిబ్బ దగ్గరికే పోతుంది."

"పోనీ పెద్దమ్మా. ఈసారి దిబ్బ మనకే పనిచేస్తుంది."

తెల్లారేసరికి జిత్తయ్య గొంతు చించుకున్నాడు. "వినండహో! గణగణ మోగే గంటతో వచ్చేవాడట!" ఆ రోజు పాకకు వచ్చిన తొమ్మిదిమందీ అచ్చంగా అదే గణగణ చెప్పారు. వీరన్న ఎవరినీ కసరలేదు. వాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కారు, నలుగురి మాటనూ తమ మాట అనుకున్నవాళ్ళు.

మూడోరోజు ముత్యాలు అనే గొర్రె వచ్చింది. ఇంతవరకూ ఎక్కడా నోరెత్తనిది. ప్రశ్న విని గడపవైపు ఒకసారి చూసుకుంది. "గంట ఆగేదన్నా. ఆగితే వస్తున్నాడని." అంటూనే గౌరమ్మ ఒళ్ళోకి తల దూర్చేసింది.

చివరగా సీతాలు వచ్చింది. మొదటి రోజు కాటమయ్య పేరు చెప్పిన పదకొండుమందిలో ఈ మేకా ఒకతె. "గంట ఆగిపోయేది," అని మొదలుపెట్టి ఉన్నట్టుండి నిలిచిపోయింది. "ఎద్దు గంట మోత బండగా ఉంటుంది. నేను వినేది సన్న గంట. చీకట్లో మొహం నేను చూడలేదన్నా. అందరూ కాటమయ్య కాటమయ్య అంటుంటే ఆయనేనేమో అనుకున్నాను. అయ్యో, ముసలాయన్ను నేనేం చేశాను!"

"నువ్వు చెయ్యలేదమ్మా," అన్నాడు వీరన్న. "నేను చేశాను."

ఆ సాయంత్రం ఆయన భూపతిని గౌరమ్మ పాకకు పిలిచాడు. వెనక గుంపు లేదు. దిబ్బకు కబురు లేదు. నింద ఏమిటో మొదటే వివరంగా చెప్పి, "నీ మాట కూడా వినాలి భూపతయ్యా, చెప్పు," అన్నాడు.

భూపతి గడ్డం ఊపాడు. "ఆరేళ్ళ నాటి కబుర్లకు సాక్ష్యమేంటి? వచ్చేవాడి గంట మోగిందని దొడ్డంతా అంటోంది. పోయి గంటలున్న అందరినీ అడుగు."

"ముగ్గురు మాత్రం గంట ఆగేదన్నారు. ఒకరి మాట ఒకరికి తెలియదు."

"ఆగితే? పడుకుంటే ఆగుతుంది, నిలబడితే ఆగుతుంది. ఆగినంత మాత్రాన నేను గడ్డి కుక్కుకున్నట్టేనా?"

పాకలో గౌరమ్మ నెమరు చప్పుడు ఆగింది.

"గడ్డి మాట నేను ఎత్తలేదే భూపతయ్యా," అన్నాడు వీరన్న.

భూపతి గడపవైపు ఒకడుగు వెనక్కి వేశాడు. గౌరమ్మ లేచి, కొమ్ముకొనతో ఆయన మెడలో గంట తాడు తెంపింది. "ఇక నీ వెనక ఎవరూ నడవరు. ఒంటి గుంజ దగ్గర కట్టేస్తాం," అంది.

ఆ తర్వాతే వీరన్న దిబ్బకు కబురు పంపాడు, ముగ్గురి మాటతో భూపతి దోషి అని తేలిందనీ, కాటమయ్య నిర్దోషి అనీ. జిత్తయ్య మొదటిది అరగంట చెప్పాడు. రెండోది జనం వెళ్ళిపోతుంటే ఒక్క ముక్కలో తేల్చేశాడు. అందుకని వీరన్నే గడపగడపకూ పోయి చెప్పాడు, కాటమయ్య మచ్చలేనివాడు, తప్పు నాది అని. కొన్ని దూడలు తిరిగొచ్చాయి. కొన్ని కోళ్ళు ఇప్పటికీ రావు. ముసలాయన గడ్డి ముట్టాడు గానీ మునుపటిలా తినడు.

తొలకరి పడింది. చిన్నవాళ్ళను గుట్టమీదికి ఈసారి గౌరమ్మ తీసుకెళ్ళింది, కొట్టం తలుపు తీసే ఉంచాలన్న షరతుతో. వాన మధ్యాహ్నం చంద్రి ఒకసారి చూసి రావడానికి పోయింది. బుజ్జి తలుపు పక్కన వానలో కాళ్ళు తడుపుకుంటూ గెంతుతోంది. చంద్రి దాన్ని పిలవకుండా అలాగే చూస్తూ నిలబడింది.

కింద దిబ్బ దగ్గర జిత్తయ్య మాత్రం ఎండిపోయాడు. గణగణ పాట పాడి సిగ్గుపడ్డవాళ్ళెవరూ అటువైపు రావడంలేదు. ఒకరోజు దడి సందులో మూతిపెట్టి బతిమాలాడు.

"బావా, బావా! కనీసం ఆ ముగ్గురూ ఎవరో చెప్పు. మళ్ళీ నా దిబ్బ నిండుతుంది."

వీరన్న చెవి కూడా కదపలేదు.

"ఏ ముగ్గురు?" అన్నాడు.

విచారణ పూర్తికాకముందే చాటిన పేరు, నిందపడ్డవాడికీ బాధపడ్డవారికీ ఒకేసారి చేసే అన్యాయం.