షెల్టరు వెనక నీడ

చెంచురామయ్య గారిని ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు కంటే ముందు ఏదో ఒక పని తగిలేది. మంచం నవారు బిగించమనేవారు, లేదా బావిలో పడ్డ చేద పైకి తీయమనేవారు. ఆ పని పూర్తయ్యేలోగా కొందరు అడిగిన ప్రశ్నే మర్చిపోయేవారు. మర్చిపోయారంటే అది అంత అడగదగ్గది కాదని ఆయన ఉద్దేశం. రేగులపాడులో నలభై ఏళ్లు మగ్గం నేసి, చూపు మందగించాక మగ్గం కొడుక్కి అప్పగించి, ఆదివారాలు ఓ పది పన్నెండు మందికి తత్వాలు చెప్పే మనిషి ఆయన. స్వామీ అని పిలిస్తే ఒప్పుకునేవారు కాదు. అందుకని అందరం గురువుగారూ అనే పిలిచేవాళ్లం.

ఆ పది పన్నెండు మందిలో మాలకొండయ్య మేష్టారు ఒకరు. హెడ్మాస్టరుగా రిటైరై ఆరేళ్లయింది గాని ఆయన ఎర్ర సిరా పెన్నుకి మాత్రం ఇంకా రిటైర్మెంటు రాలేదు. రోజూ ఉదయం ఎనిమిదింటికల్లా గ్రంథాలయానికి వెళ్లి, రిజిస్టరులో మొదటి సంతకం పెట్టి, పేపర్లో జిల్లా పేజీ తెరిచి, మా ఊరి వార్త ఎక్కడ కనబడితే అక్కడ అంచున తన అభిప్రాయం రాసేవారు. 'కాలువ పూడిక తీశారు. తీసింది గట్టు మీదే పోశారు. మొదటి వానకి మళ్లీ కాలువలోకే.' 'వీధి దీపాలు వచ్చాయి, సంతోషం. పగలు కూడా వెలుగుతున్నాయి, దేనికి?' ఇలా ఉండేవి. పేపరు ఖరాబు చేస్తున్నారని లైబ్రేరియన్ మొదట్లో విసుక్కున్నాడు. ఆ తర్వాత జనం వార్త వదిలేసి అంచు చదవడానికే రావడం మొదలయ్యేసరికి, రిజిస్టరులో సంతకాలు పెరిగాయి కదా అని అతనూ ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అంచు కోసమే వెళ్లేవాణ్ణి.

ఆ వేసవిలో ఊళ్లో కొత్త బస్ షెల్టరు కట్టారు. ప్రారంభోత్సవం వార్త పక్కన మేష్టారు ఇలా రాశారు. 'పడమటి ముఖంగా కట్టారు. మధ్యాహ్నం ఎండంతా లోపలే. కట్టినవాళ్లు ఒక్క పూట అక్కడ కూర్చుంటే తెలిసేది. పడగొట్టి, రోడ్డుకి అవతల తూర్పు ముఖంగా కట్టాలి.' ఆ మాటలు మా ఊరి విలేకరికి నచ్చి, మేష్టారి పేరుతో సహా పేపరుకెక్కించాడు. జిల్లా నుంచి ఎవరో మందలించారో ఏమో, మున్సిపల్ ఆఫీసులో కదలిక వచ్చి, శుక్రవారం షెల్టరు పడగొట్టాలని నిర్ణయమైపోయింది. ఇన్నేళ్లు రాసినవాటిలో ఒక్కటైనా పని జరిపించడం అదే మొదలు. మేష్టారికి గర్వంగానూ ఉంది, లోపల ఎక్కడో బెదురుగానూ ఉంది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఆయన గురువుగారింటికి వెళ్లారు.

"గురువుగారూ, అభిప్రాయాలు తగ్గితే మనసు తేలికపడుతుందని మీరే చెప్పారు. నాకేమో ఊరి సంగతి ఏది చదివినా ఒక అభిప్రాయం పుడుతుంది. ఉంచుకోమంటారా, వదిలేయమంటారా?"

గురువుగారు పంచె మడిచి సంచీలో పెట్టుకుంటున్నారు. "ఉదయగిరి పోవాల, చెల్లెలింటికి. ఈ సంచీ కాస్త బస్సు దాకా పట్టుకురా" అన్నారు.

తర్వాత జరిగింది మేష్టారు స్వయంగా మాకు చెప్పిందే. షెల్టరు దగ్గరికి చేరేసరికి మూడు కావస్తోంది. లోపల బల్లలన్నీ ఖాళీ. సిమెంటు మీద చెయ్యి పెడితే కాలేట్టుంది. తాను రాసింది అక్షరాలా నిజమైనందుకు మేష్టారికి కాస్త హుషారు వచ్చింది. "చూశారా, ఒక్కరైనా కూర్చోగలిగారా?" అంటుండగానే గురువుగారు రెండడుగులు ముందుకేసి గోడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లిపోయారు.

వెనక చల్లగా ఉంది. గోడ నీడ పొడుగ్గా పడి, ఆ నీడలో పునాది గట్టు మీద ఎనిమిదిమందో తొమ్మిదిమందో వరసగా కూర్చుని ఉన్నారు. మధ్యలో మస్తానమ్మ, ముందు ఉడకబెట్టిన శనక్కాయల గంప. జనం సర్దుకుని చోటిస్తే గురువుగారు ఆవిడ పక్కన కూర్చున్నారు. మేష్టారు కూడా సందు చూసుకుని కూర్చోబోతుంటే మస్తానమ్మ ఆపింది.

"మీరు మూలకి పోవాల సార్. చివర వచ్చినోళ్లది మూల."

గోడ వెనక కూర్చుంటే రోడ్డు కనబడదు. అందుకని వాళ్లలో వాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆఖర్న వచ్చినవాళ్లు గోడ మూల దగ్గర, సగం ఎండలో, రోడ్డు వైపు చూస్తూ కూర్చోవాలి. బస్సు వస్తే ఏ ఊరిదో కేకేసి చెప్పాలి. ఇంకొకరు వచ్చినప్పుడు మూల వాళ్లకిచ్చి నీడలోకి రావచ్చు. ఎవరు పెట్టారని అడిగితే ఎవరికీ తెలియదు. మేష్టారు సంచీ ఒళ్లో పెట్టుకుని మూల మీద కూర్చున్నారు.

కాసేపటికి ఒక బస్సు వచ్చింది. "అదిగో, షెల్టరు ఇక్కడుంటే ఎక్కడో నలభై గజాల అవతల ఆపుతున్నాడు. ముందు అద్దానికి అట్టముక్క అతికించారు. ఇట్లాంటి బండిని రోడ్డు మీదికి ఎట్లా వదిలారో" అని మేష్టారు మొదలుపెట్టారు. క్యారేజీ పట్టుకున్న ఒకావిడ లేచి నిలబడి, ఏ ఊరి బస్సని రెండుసార్లు అడిగింది. అప్పుడాయన బోర్డు చూసి కందుకూరని చెప్పారు. ఆమె కూతురికి ముందు రోజు రాత్రి కందుకూరు ఆస్పత్రిలో కాన్పయింది. క్యారేజీలో ఉన్నది బాలింతకి పథ్యం కూడు. బస్సు కదిలింది. ఆవిడ చెప్పులు వదిలేసి పరుగెత్తింది. నలుగురూ కేకలేస్తే కండక్టరు చూసి ఆపాడు గనక సరిపోయింది. ఎవరో చెప్పులు కూడా తీసుకెళ్లి అందించి వచ్చారు.

మస్తానమ్మకి కోపం రాలేదు. గంపలో కాయలు సర్దుకుంటూనే చెప్పింది. "ఏ ఊరి బస్సో ముందు చెప్పండి సార్. అది బాగుండాదో లేదో ఎక్కినాక మేం చూసుకుంటాం."

ఆ తర్వాత గురువుగారి చేతిలో గుప్పెడు కాయలు పెడుతూ ఊరి కబురు కూడా ఆవిడే చెప్పింది. "ఎవరో సారు పేపర్లో రాసినాడంట. దీన్ని పడగొట్టి అవతల కడతారంట. కట్టేది ఎప్పుడో తెలీదు గాని, పడగొట్టేది మాత్రం శుక్రవారమే." పక్కనున్నవాళ్లు గోడ వంక చూశారు. ఈ ఎండాకాలం ఎట్లా అని ఎవరో అన్నారు. గురువుగారు కాయలు ఒలుచుకుంటున్నారు, తలెత్తలేదు.

మేష్టారికి సిగ్గేసింది. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన మనిషి, అందరిముందూ ఒప్పుకోవడం అంత తేలిక కాదు. అయినా అన్నారు. "రాసింది నేనేనమ్మా."

మస్తానమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అట్నా" అంది. "రాసేముందు ఒకసారి ఇటు వచ్చిపోయుంటే బాగుండు సార్." ఆయనకీ ఒక గుప్పెడు కాయలు ఇచ్చింది.

నాలుగు కాకముందే ఇంకో బస్సు మలుపు తిరిగింది. మేష్టారు బోర్డు కనబడేదాకా ఆగి, "ఉదయగిరి" అని ఒక్క మాటే కేకేశారు. గురువుగారు లేచి సంచీ అందుకున్నారు. మెట్టెక్కుతుండగా మేష్టారు వెంటపడి, తన ప్రశ్నకి జవాబు రాలేదని గుర్తు చేశారు.

"నీ తర్వాత ఎవరూ రాలేదు గదా. పోయి మూలన కూర్చో" అన్నారు గురువుగారు. బస్సు వెళ్లిపోయింది.

ఎండకి భయపడి ఆ పూట కొత్తవాళ్లెవరూ త్వరగా రాలేదు. మేష్టారు అయిదు బస్సులకి ఊరి పేరు కేకేసి చెప్పారు. ఒక్కొక్క బస్సుకీ ఒకరో ఇద్దరో లేచి, దుమ్ము దులుపుకుని వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఆయనకి చెప్పిపోయారు. అట్లా చెప్పి వెళ్తుంటే బాగుందట. అయిదున్నరకి ఎవరో గొడుగేసుకుని వస్తే, ఆయనకి మూల సంగతి వివరించి అప్పగించి, మేష్టారు తిన్నగా మున్సిపల్ ఆఫీసుకి వెళ్లారు. షెల్టరు పడగొట్టొద్దనీ, వెనక ఒక బల్ల వేస్తే చాలనీ చెప్పారు. ఇంజనీరు నవ్వాడు. "పడగొట్టమన్నదీ మీరే, వద్దనేదీ మీరే. ఇదైనా కాగితం మీద పెట్టివ్వండి సార్, గురువారం సాయంత్రంలోగా. లేకపోతే శుక్రవారం పొద్దున్నే మనుషులు వచ్చేస్తారు."

బుధవారం మేష్టారు కాగితం ముందు పెట్టుకుని మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచారు. ఆ రోజు పేపరు అంచులు తెల్లగా ఉండటం గ్రంథాలయంలో మేమంతా చూశాం. ఒంట్లో బాగాలేదేమోనని కూడా అనుకున్నాం.

గురువారం ఉదయం గురువుగారు ఊరి నుంచి వచ్చేసరికి మేష్టారు కాగితంతో ఆయన అరుగు మీద ఉన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. గురువుగారు కాళ్లు కడుక్కుంటుంటే మేష్టారు జరిగిందంతా చెప్పారు.

"నేను మొదట రాసిందీ అబద్ధం కాదు గురువుగారూ. ఎండ లోపలికే కొడుతుంది. అయినా అది రాసి అంతమంది నీడ పోగొట్టబోయాను. ఇప్పుడు రాసేది ఇంకెవరి నీడ పోగొడుతుందో ఏమో. పెన్ను కదలడం లేదు."

"నేను పోయినాక ఎంతసేపు కూర్చున్నావు?"

"ఇంకొకరు వచ్చేదాకా. గంటన్నర పైనే."

"ఎండ తగిలిందా?"

మేష్టారు మెడ తడుముకున్నారు. చర్మం ఇంకా కమిలే ఉంది. "తగిలింది" అన్నారు.

గురువుగారు తువ్వాలు అందుకుని కాళ్లు తుడుచుకుంటూ, "అయితే ఇక రాయి" అన్నారు.