పేరంటాలమ్మ పీట

దుప్పటి కప్పుకున్నావా? ఇటు తిరుగు. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత నన్నేమీ అనకూడదు.

అనగా అనగా, ఉప్పుటేటి గట్టున ఒక ఊరుండేది. దీపాలవేళకి లక్ష్మీదేవి వస్తుందని లోకమంతా వీధి తలుపులు తెరిచి పెడుతుందా? ఆ ఊళ్ళో మాత్రం ఆ వేళకి తలుపులన్నీ మూసేసేవారు. ఎందుకంటే, పొద్దు వాలగానే ఎవరో వచ్చి తలుపు తట్టేవారు. టక్, టక్, టక్. అంతే. సందులోంచి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. గడప మాత్రం తడిసి ఉండేది.

"గాలిలే" అనేవారు మగవాళ్ళు. గాలికి గడప తడవడమేమిటని ఎవరూ అడిగేవారు కాదు.

ఏటికి వెళ్ళే దారిలో ఒక రాయి ఉండేది. దాని మీద చెక్కిన బొమ్మకి మొహం లేదు, ఒళ్ళు లేదు. ఉన్నది ఒక్క చెయ్యే. మోచేతి నుంచి పైకెత్తిన చెయ్యి, దాని నిండా గాజులు. ఆ రాతిని పేరంటాలమ్మ అనేవారు. వాళ్ళ ముత్తవ్వల కాలంలో ఒకావిడ మొగుడు ఏట్లో మునిగిపోతే, ఆ సాయంత్రమే ఆవిడా ఏట్లో దిగి ఆయన వెంట వెళ్ళిపోయిందట. మహా పతివ్రత అన్నారు. దేవతైపోయిందన్నారు. ఆ ఎత్తిన చెయ్యి ఊరిని దీవిస్తోందన్నారు.

ఏటా శ్రావణంలో ఆ రాతి ముందు పందిరి వేసి ముత్తైదువులు పేరంటం చేసుకునేవారు. వరసగా పీటలు వేసి, ఒక పీట ఆవిడ కోసం ఖాళీగా వదిలేవారు. ఆ పీట ముందు కూడా ఆకు వేసి నానబెట్టిన శనగలూ, తాంబూలమూ, రవికెల గుడ్డా పెట్టేవారు.

ఊఁ కొట్టవేమే? ఆఁ, అలాగ.

ఆ ఊళ్ళో సూరమ్మ అని ఒకావిడ. ఆవిడ కూతురు తవిటమ్మ. నవ్వకు! ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ పిల్లని పొరుగావిడ చేతిలో పెట్టేసి, చేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కున్నారు. అలా కొనుక్కుంటే ఈ పిల్ల మనది కాదనుకుని యముడు పట్టించుకోడని నమ్మకం. అందుకని తవిటమ్మ అయింది. నీ ఈడుదే. నీకంటే కాస్త బుద్ధిమంతురాలు.

ఆ ఏడు సూరమ్మ భర్త జ్వరంతో పోయాడు. అప్పుడు అత్తవారింటివాళ్ళు ఆవిడ గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచేశారు. ఆ తర్వాత పెరటి గదిలో కూర్చోబెట్టి, ఎవరికీ ఎదురు రావద్దన్నారు. పోనీ, అంతటితో ఊరుకున్నారా? ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పెరట్లో వడియాలు పెట్టుకుంటూ ఆవిడకి వినపడేలా మాట్లాడుకునేవారు.

"మొగుడు పోయిన పూటే వెళ్ళిపోయింది ఆ తల్లి పేరంటాలు. ఈ కాలం ఆడదానికి అంత గుండె ఎక్కడిది?"

సూరమ్మ అంతా వినేది. కొన్నాళ్ళకి అన్నం తగ్గించేసింది. ఆ తర్వాత మాట తగ్గించేసింది. ఆ తర్వాత కిటికీ దగ్గర కూర్చుని అదేపనిగా ఏటివైపు చూడటం మొదలుపెట్టింది.

తవిటమ్మకి భయం పట్టుకుంది. పడుకునేముందు అమ్మ కొంగుని తన పరికిణీ అంచుకి ముడివేసుకునేది. అమ్మ లేచి వెళ్తే తనకి మెలకువ రావాలని. అంత చిన్నపిల్లకి అంత పెద్ద కాపలా! తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు శ్రావణమాసం వచ్చింది. ఆ ఊళ్ళో పేరంటం పెత్తనమంతా పెద్దింటి సుభద్రమ్మగారిది. ఏటా వాళ్ళమ్మాయి ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలిచి వచ్చేది. ఆ ఏడు ఆ పిల్లకి కాలు బెణికింది. సుభద్రమ్మ వీధిలోకి చూస్తే తవిటమ్మ కనపడింది. పిలిచి చేతిలో కుంకుమభరిణ పెట్టింది.

"ఒసే తవిటీ, ప్రతి గడపకీ వెళ్ళు. మనిషి ఉంటే నుదుట బొట్టు పెట్టి పిలు. లేకపోతే గడపకి బొట్టు పెట్టి రా. గడపకి పెడితే మనిషికి పెట్టినట్టే. ఒక్క గడప వదిలావా, అమ్మవారికి కోపం వస్తుంది."

"అలాగే అత్తయ్యగారూ" అంది తవిటమ్మ.

ఎవరిని పిలవకూడదో సుభద్రమ్మ చెప్పలేదు. అది వేరే చెప్పాలా, అందరికీ తెలిసిందేగా అనుకుంది. పెద్దవాళ్ళం ఇలాగే బోల్తా పడతాం.

తవిటమ్మ ఊరంతా తిరిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఊరి చివర ఒక మొండిగోడల ఇల్లుంది. దానికి కప్పు లేదు, తలుపు లేదు. గోడల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. గడప మాత్రం ఉంది. ఏ గడపా వదలొద్దన్నారు కదా అని పిల్ల వంగి ఆ గడపకి బొట్టు పెట్టింది. అంత ఎండలోనూ గడప చల్లగా, తడిగా తగిలింది. వేలు తీసేలోగా ఆ చెక్క కుంకుమని పీల్చేసుకుంది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ పీల్చేసుకుంది. మూడోసారి పెడుతుంటే లోపల్నుంచి ఒక ఆడగొంతు వినపడింది. నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడినట్టుంది.

"ఎందుకొచ్చావమ్మా?"

"పేరంటానికి పిలవడానికండీ. సాయంత్రం రమ్మన్నారు."

తుమ్మకొమ్మల కదలిక ఆగిపోయింది.

"నన్నేనా?" అంది ఆ గొంతు.

"ప్రతి గడపనీ పిలవమన్నారండీ."

అప్పుడు మూడో బొట్టు గడప మీద నిలిచింది. లోపల ఎవరో పెద్దగా నిట్టూర్చారు. తవిటమ్మ భరిణ పట్టుకుని ఒకటే పరుగు. వెనక్కి తిరిగి చూడలేదు. నువ్వైతే చూసేదానివి.

ఇంకొక్క గడప మిగిలింది. అది అమ్మ ఉండే పెరటి గదిది. కుంకుమ అంటిన వేలు చూడగానే సూరమ్మ వెనక్కి జరిగింది.

"వద్దే తల్లీ. నాకు పెట్టకూడదు."

"సరే, నీకు పెట్టను" అని తవిటమ్మ గడపకి పెట్టేసింది. "గడపకి పెడితే నీకు పెట్టినట్టేనట. పిలుపు అయిపోయింది. నువ్వు రావాలి."

సూరమ్మ కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. మొగుడు పోయాక ఆవిడ నోరు విప్పి ఏడవడం అదే మొదలు. పిల్ల వదిలితేనా? చెయ్యి పట్టుకుని లాగింది. పందిరి బయట నిలబడి చూసి వచ్చేద్దామని సూరమ్మ బయల్దేరింది.

పొద్దు వాలింది. పందిట్లో పీటలు నిండాయి, ఆ ఒక్క పీట తప్ప. సుభద్రమ్మ లేచి రాతి చేతికి కుంకుమ పెట్టింది. అది ఇసకలాగా జలజలా రాలిపోయింది. గాజులు తెచ్చి రాతి ముందు పెట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే అవి టప్పుమని చిట్లాయి. ఆ తర్వాత దీపం వెలిగించింది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. దీపం మాత్రం ఏటివైపుకి వాలి, అలాగే ఉండిపోయింది.

అప్పుడు ఒకావిడ తల తిప్పి చూసింది. పందిరి బయట సూరమ్మ నిలబడి ఉంది.

"అదిగో! ఇది వచ్చింది కాబట్టే ఇదంతా!"

"నిన్నెవరే ఇక్కడికి రమ్మన్నది?" అని సుభద్రమ్మ ఇంతెత్తున లేచింది. "మొగుడి వెంట వెళ్ళిపోయిన మహాతల్లి ముందుకి బోడి మెడతో వస్తావా? సిగ్గుండాలి!"

సూరమ్మ వెనక్కి తిరిగింది. తిరిగి ఇంటివైపు వెళ్ళలేదు. ఏటి దారి పట్టింది.

తవిటమ్మ అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ విడిపించుకుంది. పిల్ల పందిరివైపు తిరిగి గొంతు చించుకుంది. "అత్తయ్యగారూ! అమ్మ ఏట్లోకి వెళ్తోంది! ఆపండి!"

ఒక్కరూ పీట మీద నుంచి లేవలేదు. ఒకావిడైతే చేతులు జోడించింది కూడాను! ఇంకేం చేస్తుంది, తవిటమ్మ ఒక్కత్తే అమ్మ వెనకాల పరిగెత్తింది.

అప్పుడు వినపడింది. టక్, టక్, టక్.

తట్టడానికి పందిట్లో తలుపెక్కడుంది? అందరూ చప్పుడు వచ్చినవైపు చూశారు. ఖాళీ పీట మీద ఒక మనిషి కూర్చుని ఉంది. తడి చీర. తడి జుట్టులోంచి ఒక్కొక్క చుక్కా ఆకులో పడుతోంది. నుదుట బొట్టు లేదు. చేతులకి గాజులు లేవు. పీట చెక్కని వేళ్ళతో తడుతోంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది సుభద్రమ్మ. "అది పేరంటాలమ్మ పీట."

"నా పీటే. మధ్యాహ్నం నా గడపకి బొట్టు పెట్టి పిలిచారు. ఇన్నేళ్ళకి పిలిచారు, వచ్చాను."

"మరి నీకు బొట్టు..."

"మొగుడు పోయినదాన్ని కదా, తుడిచేశారు. మీ ముత్తవ్వలే తుడిచారు. మీకు చెప్పలేదా?"

ఆవిడ కోపంగా మాట్లాడలేదు. అదే ఇంకా భయంగా ఉంది.

"ఆ సాయంత్రం నేను ఏటికని బయల్దేరలేదు. పొద్దుటినుంచీ ఏడ్చి ఏడ్చి ఆకలేసింది. అన్నం అడుగుదామని బయల్దేరాను. మొదటి ఇంటి తలుపు తట్టాను, దీపాలవేళ ఎదురొచ్చిందని తియ్యలేదు. రెండో తలుపు తట్టాను, లోపల దీపం ఆర్పేశారు. మూడో తలుపు తట్టాను, సందులోంచి నా మీద నీళ్ళు చల్లారు. ఆ తర్వాత ఊళ్ళో తెరిచి ఉన్నది ఏరు ఒక్కటే. పొద్దున్నే ఆ మూడిళ్ళవాళ్ళే వచ్చి నన్ను దేవతన్నారు."

ఆవిడ తల తిప్పి రాతివైపు చూసింది.

"ఆ చెయ్యి మిమ్మల్ని దీవించడం లేదే అమ్మా. తలుపు తడుతోంది."

పందిట్లో ఎవరో వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టారు.

"ఇవాళ ఇంకొకత్తె తట్టింది" అంది ఆవిడ. "తలుపు తీస్తారా? ఇంకో రాయి నిలబెడతారా?"

సుభద్రమ్మ లేచింది. ప్రేమతో లేచిందని చెప్పను, నీకు అబద్ధమెందుకు, భయంతోనే లేచింది. కుంకుమభరిణ తీసుకుని ఏటి దారిన పరిగెత్తింది. మిగతావాళ్ళూ వెనకాల పరిగెత్తారు. సూరమ్మ నడుము లోతు నీళ్ళలో ఉంది. తవిటమ్మ గట్టు మీద బోర్లా పడుకుని, అమ్మ కొంగుని రెండు చేతులకీ చుట్టుకుని, పళ్ళు బిగించి పట్టుకుంది. ఇంకొక్క అడుగు పడితే పిల్ల కూడా నీళ్ళలోకి వచ్చేసేదే.

సుభద్రమ్మ పట్టుచీరతోనే నీళ్ళలో దిగింది. సూరమ్మ మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. అప్పుడు చూసింది, ఆ బుగ్గలు ఎంత లోపలికి పోయాయో. భయం పోయి ఆవిడకి ఏడుపొచ్చింది. నుదుట ఇంత బొట్టు పెట్టింది.

"రావే సూరమ్మా. పేరంటానికి పిలుస్తున్నాను. మళ్ళీ నిన్ను ఒక్క మాట అంటే నన్ను చెప్పుచ్చుకు కొట్టు. రా తల్లీ, అన్నం తిందువుగాని."

సూరమ్మ గట్టు మీద ఉన్న కూతురి చేతులకేసి చూసింది. కొంగు కోసుకుపోయి చేతులు ఎర్రగా కమిలిపోయాయి. ఆవిడ బయటికి వచ్చేసింది.

అందరూ వెనక్కి వచ్చేసరికి పీట ఖాళీ. చెక్క మీద తడి మాత్రం ఉంది. ఆకులో శనగలు లేవు. సూరమ్మని ఆ పీట మీదే కూర్చోబెట్టి అన్నం వడ్డించారు. ఆ తర్వాత సుభద్రమ్మ రాతి చేతికి మళ్ళీ కుంకుమ పెట్టింది. ఈసారి నిలిచింది.

మర్నాటినుంచి ఆ ఊళ్ళో దీపాలవేళకి అన్ని తలుపులూ తెరిచి పెట్టేవారు. గడప పక్కన ఎవరొచ్చినా తినడానికి ఇంత అన్నం మూతపెట్టి ఉంచేవారు. మళ్ళీ ఎవరూ తట్టలేదు. కానీ అప్పుడప్పుడూ గిన్నె ఖాళీ అయ్యేది, గడప తడిసి ఉండేది.

నిద్రపోయావా? లేదూ? అయితే ఇంకొక్క మాట. పొద్దున్న నువ్వు అడిగావుగా, తాతయ్య పోయాడు కదా, నాకింకా బొట్టెందుకని ఎదురింటావిడ అంటోందీ అని? ఆవిడకి చెప్పు. ఆ తవిటమ్మ మా అమ్మమ్మ. మా గడపకి ఆ రోజే బొట్టు పెట్టేసింది. గడపకి పెడితే మనిషికి పెట్టినట్టే.

ఎక్కడికి లేస్తున్నావు? వంటింట్లో గిన్నె చప్పుడా? పోనీలే. ఆకలేసి ఉంటుంది, తిననీ. పడుకో.

కథేమో కంచికి,
నువ్వేమో మంచానికి.
తట్టిన చేతికి తలుపు,
తలుపుకి గుప్పెడు పసుపు.