గడియగిన్నె గురువార వ్రత కథ

పసుపు అక్షతలు కుడిచేత పట్టుకొని, ఇంటి ఆడపిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుకొని, ఈ కథ చెప్పుకొనవలెను. నడుమ ఎవ్వరును లేవరాదు.

పూర్వము వంశధారా నది సముద్రమున కలియు చోట మునులు యాగము చేయుచుండిరి. ఒకనాడు ఋతంభరుడను ముని సత్యశ్రవ మహామునికి నమస్కరించి యిట్లడిగెను. "మహాత్మా, లోకమున దైవజ్ఞులు జాతకము చూచి, కన్యకు ఫలానా యేట పెండ్లి యగునని చెప్పుచున్నారు. కొందరికి చెప్పిన యేట చెప్పినట్లే జరుగుచున్నది. కొందరికి ఆ యేడు వచ్చి పోవుచున్నది, వాకిట ఎవ్వరును నిలువరు. ఆ కన్యలు తమలోనే ఏదో లోపమున్నదని లోలోపల కుమిలిపోవుచున్నారు. గ్రహములు అబద్ధమాడునా? ఆడవేని ఈ దుఃఖమెక్కడిది? దీనికి ఉపాయమేమి?"

ఆ ప్రశ్నకు సత్యశ్రవుడు మిక్కిలి సంతోషించి, గ్రహము అబద్ధమాడదనియు, అయితే గ్రహమునకును మనుష్యునకును నడుమ ఒక గిన్నె యున్నదనియు చెప్పి, ఆ గిన్నె కథను ఇట్లు వినిపించెను.

వంశధార యొడ్డున కదంబపురమను ఊరు కలదు. అందు విరూపాక్షుడను దైవజ్ఞుడు, మీనాంబ యను భార్యతో నివసించుచుండెను. వారి యింట తాతల నాటి గడియగిన్నె యుండెను. అది రాగి గిన్నె. అడుగున సన్నని రంధ్రము. నీటితొట్టిలో వదలినచో రంధ్రము గుండా నీరెక్కి మెల్లమెల్లగా మునుగును. ఒక మునకకు ఒక గడియ. మూడువందల అరువది ఊపిరులు తీసి విడుచునంత సేపు. ఆ ఊరిలో బిడ్డ పుట్టినను, పెండ్లి ముహూర్తమైనను ఆ గిన్నె మునకల లెక్కయే లెక్క.

ఆ వంశమున ఒక నియమముండెను. ప్రతి గురువారము గిన్నెను చింతపండుతో తోమి, ఎత్తి పట్టుకొని, రంధ్రము గుండా ఆకసము చూడవలెను. పిమ్మట బృహస్పతిని తలచి ఒక్కమారు నీట వదలి, ఊపిరులు లెక్కపెట్టవలెను. విరూపాక్షుని తండ్రియు, తాతయు దీనిని తప్పక చేసిరి. విరూపాక్షునికి పేరు వచ్చెను. పల్లకీలు వచ్చెను. పేరు వచ్చిన పిదప గిన్నె తోముట చిన్న పనిగా కనబడెను. ఒక గురువారము దొరగారి కుమారుని జాతకమునకు తొందరలో లక్క ముద్ర వేయుచుండగా, కరగిన లక్క ఒక బొట్టు జారి పక్కనున్న గిన్నెలో పడెను. ఆయన చూడలేదు. ఆ గురువారము గిన్నెనెత్తి ఆకసము చూడలేదు. ఆ మీది గురువారమును చూడలేదు. క్రమముగా ఆ నియమమే మరచెను.

ఆ లక్కబొట్టు పడిన మూడవనాడే, ఫాల్గుణమాసమున, సూర్యోదయమైన పిదప మీనాంబకు ఆడుబిడ్డ పుట్టెను. మంత్రసాని పైడమ్మ లోపల బిడ్డను అందుకొనెను. వాకిట తండ్రి గిన్నె మునకలు లెక్కించెను. ఆరవ మునకకు బిడ్డ యేడ్చెను. ఆయన మేషలగ్నమని వ్రాసికొనెను. మేషమునకు ఏడవ రాశి తుల. ఏడవది పెండ్లి యిల్లు. కనుక ఇరువదవ యేట గురువు తులలో ప్రవేశించునప్పుడు బిడ్డకు వివాహమని నిశ్చయించి, సంతోషముతో హైమవతియని పేరు పెట్టెను.

హైమవతి పెరిగి, తండ్రి యొద్ద పంచాంగము నేర్చి, తానే తొట్టి వద్ద కూర్చుండి మునకలు లెక్కించుచుండెను. ఇరువదవ యేడు వచ్చెను. గురువు తులలో అడుగిడెను. మీనాంబ గోడలకు సున్నము వేయించి, గుమ్మమునకు ప్రతి దినము కొత్త తోరణము కట్టెను. గిన్నె మునిగెను, తేలెను. ఎవ్వరును రాలేదు. ఒక యేడు నిండెను. గురువు తులను విడచి వృశ్చికమునకు పోయెను. ఆ రాత్రి మీనాంబ తోరణము విప్పుచుండగా హైమవతి తానే నిచ్చెన పట్టుకొని నిలిచెను.

గురువు వృశ్చికమునకు పోయిన నెలకే సంబంధములు రాసాగెను. దక్షిణము నుండి ఒక సంబంధము వచ్చెను. కాలము దాటినదని దైవజ్ఞుడు పంపివైచెను. పిమ్మట అవతలి యొడ్డు నుండి సోమదత్తుడను యువకుడు పంచాంగములో ఒక సందేహము తీర్చుకొన వచ్చెను. తొట్టి వద్దనున్న హైమవతిని ఇప్పుడు గడియ ఎంత యని అడిగెను. ఆమె లెక్క తప్పెను.

"మీరు లెక్క తప్పితే మా ఒడ్డువాళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఆలస్యమేనండీ" అని అతడు నవ్వెను.

"అయితే మీ ఒడ్డునే ఓ గిన్నె కొనుక్కోండి" అని ఆమె అనెను. అటుపిమ్మట అతనికి పంచాంగములో సందేహములు చాలా వచ్చెను.

సోమదత్తుని తల్లి భాగీరథమ్మ సంబంధమడుగ వచ్చెను. కాలము దాటినదని దైవజ్ఞుడు పంపివైచెను. ఆమె మరల వచ్చెను. మరల పంపివైచెను. మూడవమారు వచ్చి, ఇంతకును ఎప్పుడిచ్చెదరని అడుగగా, గురువు తిరిగి తులకు వచ్చువరకు పదేండ్లు ఆగవలెనని ఆయన చెప్పెను.

"పదేళ్ళకి మావాడి జుట్టు నెరుస్తుంది బాబూ. మీ గురువుకి ఏం పోయింది?" అని ఆమె కొంగు దులుపుకొని లేచెను. తన కొడుకునకు వేరొక చోట తాంబూలము పుచ్చుకొనెదనని చెప్పి పడవ యెక్కెను.

హైమవతి తండ్రిని నిందింపలేదు. గ్రహములను నిందింపలేదు. తన పుట్టుకలోనే ఏదో సందు మిగిలిపోయినదని, ఎవరికి రావలసిన కాలమో తనకు వచ్చి తిరిగిపోయినదని తలపోసెను. ఆ గురువారము తొట్టి వద్ద ఒంటరిగా కూర్చుండి, మనసు నిలుపుకొనుటకై ఊపిరులు లెక్కింపసాగెను. మూడువందల అరువది నిండెను. గిన్నె అంచు నీటిపైననే యున్నది. నాలుగువందలు దాటెను. నాలుగువందల ఎనుబదికి గిన్నె మునిగెను. తన గుండె తొందరపడి ఊపిరులు హెచ్చినవనియు, ఆ తొందర ఎవరి కొరకో తనకు తెలియుననియు సిగ్గుపడి, ఎవ్వరికిని చెప్పలేదు. మరుసటి గురువారము ఉపవాసముండి, కండ్లు మూసికొని, మెల్లగా లెక్కించెను. మరల నాలుగువందల ఎనుబదియే.

తల్లి చూచి సంగతి అడిగి తెలిసికొని, తానును కూర్చుండి లెక్కించెను. నాలుగువందల ఎనుబది.

"నాదేమో తొందరమ్మా, మరి నీకూ అంతే వచ్చిందేం?" అని హైమవతి అడిగెను.

"నాకెవరి మీద తొందరే? మీ నాన్న మీదా?" అని మీనాంబ నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపివేసెను. తల్లీ కూతుండ్రు ఒకరినొకరు చూచుకొనిరి.

ఇద్దరును వెళ్ళి చెప్పిరి. ఆడవారి ఊపిరి ఉడుకు గలదనియు, తాతల గిన్నెకు వంక పెట్టరాదనియు దైవజ్ఞుడు కసరెను. గిన్నె తప్పైనచో ఇరువదియొక్క యేండ్ల పేరు తప్పగును. కనుక ఆయన మనస్సు కూతురి ఊపిరినే తప్పుపట్టెను. మనస్సు తన యింటి కప్పును కాపాడుకొనుటకు ఎంతటివారినైనను వానలో నిలబెట్టును.

ఆ సమయమునకే ముదుసలి పైడమ్మ పాత చీర యేదైన ఇత్తురేమోయని వాకిటికి వచ్చెను. హైమవతి ఆమెను కూర్చుండబెట్టి, తాను పుట్టినప్పుడు పొద్దు ఎంత యెక్కినదని అడిగెను.

"ఎంతెక్కినాదంటే నానేటి సెప్తాను తల్లీ. మీ నాన్నకి గిన్నుంది, నాకేటుంది? నువ్వు కేరుమన్నప్పుడే రెండో పడవ ఎల్లిపోనాది. మా కోడలు రేవుకాడ సూసి సూసి నన్ను తిట్టి పోసినాది. అదొక్కటే గేపకం."

ఆ మాట పైడమ్మ నోట వచ్చినను, పలికించినవాడు బృహస్పతియే. ఏలయన ఫాల్గుణమున రేవు స్తంభపు నీడ మూడవ మెట్టు తాకినగాని రెండవ పడవ కదలదు. అది ఎనిమిదవ గడియ. ఆరవది కాదు. లోపల నుండి దైవజ్ఞుడు ఇది వినెను.

ఆయన తొట్టి వద్దకు పోయి, గిన్నెను వదలి, తానే లెక్కింప మొదలిడెను. తల్లీ కూతుండ్రు తలుపు వద్ద నిలిచిరి. ఆయన ఊపిరి తీయును, బిగబట్టును, వీలైనంత మెల్లగా విడుచును. ముఖము ఎఱ్ఱబడెను. కణతల చెమట పట్టెను. తుదకు మూడువందల అరువదవ ఊపిరికి గిన్నె మునిగెను. ఆయన గెలిచినట్లు తలయెత్తెను.

హైమవతి దగ్గరకు వచ్చి మెల్లగా ఇట్లనెను. "నాన్నగారూ, గిన్నె కోసం మీరు ఊపిరి బిగబట్టారు. నేనూ ఏడాదిగా అదే చేస్తున్నాను."

దైవజ్ఞుడు చింతపండు తెమ్మనెను. పిమ్మట గిన్నెను తీసి, చింతపండుతో తోమి, తండ్రి చేసినట్లే రెండు చేతులతో ఎత్తి ఆకసము చూచెను. గుండ్రముగా కనబడవలసిన వెలుగు అర్ధచంద్రునివలె కనబడెను. సూదితో తాకగా లక్క పెచ్చు ఊడి అరచేత పడెను. దొరగారి ముద్ర లక్క. దానిని ఆయన గుర్తుపట్టెను. ఇరువదియొక్క యేండ్లనాటి తన తొందర ధాన్యపు గింజంతయై చేతిలో నుండెను.

వెంటనే గిన్నెను నీట వదలి బృహస్పతికి మ్రొక్కిరి. ముగ్గురును కూడి పైకి లెక్కించిరి. సరిగా మూడువందల అరువదికి గిన్నె మునిగెను. మీనాంబ చప్పట్లు చరచెను. ఇక ఆ యింట అందరి కాళ్ళును నేలపై నిలువలేదు. దైవజ్ఞుడు పలకయు బలపమును తెమ్మని, ఎనిమిది గడియలకు జాతకము తిరిగి కట్టెను. లగ్నము మేషము కాదు, వృషభము. పెండ్లి యిల్లు తుల కాదు, వృశ్చికము. గురువు అక్కడనే యున్నాడు! దాటిపోయినదనుకొన్న కాలము దాటిపోలేదు. అయితే వృశ్చికమును విడుచుటకు పదునొకండు దినములే కలవు. వానిలో తొమ్మిదవ దినమున ఒక్కటే మంచి ముహూర్తము.

దైవజ్ఞుడు గిన్నెను చంకనబెట్టుకొని వాకిట దిగి, మరల వెనుకకు వచ్చి, అంతవరకు ఏ కన్యను అడుగని మాటను కూతురినడిగెను. "అమ్మా, జాతకం సంగతి సరే. నీ మనసేమిటి?"

"పడవ వెళ్ళిపోతుంది నాన్నగారూ" అని హైమవతి అనెను.

ఆయన పరుగెత్తెను. పల్లకీలెక్కిన మనిషి బురదలో చెప్పు విడిచి పరుగెత్తెను. అవతలి యొడ్డున భాగీరథమ్మ ఇంట తాంబూలపు పళ్ళెముపై ఎఱ్ఱగుడ్డ కప్పియుండెను. చుట్టములు ప్రయాణమై నిలిచియుండిరి. సోమదత్తుడు ఒక కాలికి పాదరక్ష తొడిగి, రెండవది తొడుగక అరుగుపై కూర్చుండి యుండెను.

"ఏమండీ దైవజ్ఞులుగారూ, పదేళ్ళు అప్పుడే అయిపోయాయా?" అని భాగీరథమ్మ పలికెను.

చుట్టములు నవ్విరి. ఆయన ఆ నవ్వును అడ్డుకొనలేదు. "పదేళ్ళు కాదమ్మా, తొమ్మిది రోజులు. తప్పు గురువుది కాదు, పిల్లది కాదు. నాది" అని అందరి యెదుట చెప్పి, లక్క పెచ్చును చూపెను.

మాటతో నమ్మనని, మునక చూపుమని ఆమె అనెను. పెరటి గంగాళములో గిన్నె విడిచిరి. చుట్టములందరును చుట్టును నిలిచి ఊపిరులు లెక్కించిరి. మూడువందల యేబది దాటగానే పిల్లలు, పెద్దలు ఒక్క గొంతుతో లెక్కింపసాగిరి. మూడువందల అరువదియని అందరును అనగానే గిన్నె బుడుంగున మునిగెను. సోమదత్తుడు రెండవ పాదరక్ష తొడుగలేదు, మొదటిదియు విడిచెను. భాగీరథమ్మ నవ్వాపుకొనలేక పళ్ళెము మీది గుడ్డ తీసి, ఆ తాంబూలము దైవజ్ఞుని చేతనే పెట్టెను. వేరొకచోట మాట యింకను ఇచ్చియుండనందున ఎవ్వరికిని నొప్పి కలుగలేదు.

తొమ్మిదవ దినమున పెండ్లి పందిటిలో తొట్టి పెట్టిరి. దైవజ్ఞుడు గిన్నెను తాను వదలక, పీటలపై నున్న కూతురి చేతికిచ్చెను. హైమవతి గిన్నెను ఎత్తి ఆకసము చూచి, గుండ్రముగా నున్నదని చెప్పెను. అప్పుడు వదలిరి. గిన్నె మునిగిన క్షణమున వధూవరులు ఒకరి తలపై నొకరు జీలకఱ్ఱ బెల్లముంచిరి. మొదటి అక్షతలు పైడమ్మచేత వేయించిరి. రెండు దినములకు గురువు వృశ్చికమును విడచెను.

పిమ్మట విరూపాక్షుడు ఊరిలో ఇల్లిల్లు తిరిగి, ఆ యిరువదియొక్క యేండ్లలో తాను వ్రాసిన జాతకములన్నియు వెనుకకు తీసికొని సరిచేసెను. ఒక యింట నవ్విరి, ఒక యింట తిట్టిరి. ఒక నేతగాడు మాత్రము వ్రాసినది వ్రాసినట్లే యుండవలెనని పట్టుబట్టి తన కూతురి జాతకమును ఈయలేదు. వచ్చిన సంబంధములను కాలము కాలేదని పంపివైచెను. కాలమైన యేట ఎవ్వరును రాలేదు. మగ్గము మీద చీర సగములో నిలిచెను. తుదకు అతని భార్య హైమవతి యొద్ద గిన్నె యడిగి తెచ్చి, ఏడు గురువారములు నియమముతో చేసి, జాతకము తిరుగ వ్రాయించెను. ఆ యేడే పెండ్లి జరిగెను. సగములో నిలిచిన చీరయే మధుపర్కముగా పూర్తియయ్యెను.

సత్యశ్రవుడు ఇట్లు చెప్పి, ఈ వ్రతము చేయవలసినవారిని తెలిపెను. కాలము దాటిపోయినదని ఎవరిని గూర్చి చెప్పిరో ఆ కన్యలు చేయవలెను. వారి తల్లిదండ్రులు చేయవలెను. లగ్నము వ్రాయువారు అందరికంటె ముందు చేయవలెను. ఏడు గురువారములు గిన్నె తోమి, ఆకసము చూచి, ఊపిరి బిగబట్టక లెక్కించి, బృహస్పతికి పసుపుపూలు, శనగలు నివేదింపవలెను. జాతకము విప్పుటకు ముందు కన్య మనస్సును అడుగవలెను. ఉద్యాపన నాడు ముందుగా మంత్రసానికి కొత్త చీర పెట్టవలెను, పాతది పనికిరాదు. ఇట్లు చేసినవారి యింట చెప్పిన కాలము తప్పదు, వచ్చినవారు తిరిగిపోరు, కన్య తనలో లోపమున్నదని కన్నీరు పెట్టదు.

కథ విన్నవారు చేతి అక్షతలను తొట్టినీట వేయవలెను. ముందు వరుసలోని ఆడపిల్లలు ఒక్కొక్కరుగా గిన్నెనెత్తి ఆకసము చూడవలెను. గుండ్రముగా కనబడినదని చివరి పిల్ల కూడ చెప్పిన పిదపనే హారతి వెలిగింపవలెను.